అమ్మతో గోదారి దగ్గర రెండు రోజులు: ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆదివారం_ఒక్కటే | నవంబరు 18, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మకి 63 ఏళ్లు. పుట్టింది, పెరిగింది సఖినేటిపల్లి దగ్గర ఒక ఊళ్లో. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో తాతయ్యగారి కొబ్బరితోట మొత్తం నేలకొరిగింది. ఆ తర్వాత రెండేళ్లకే పొలం అమ్మేసి అందరూ హైదరాబాద్ వచ్చేశారు. అప్పట్నించీ అమ్మ అటు వెళ్లలేదు. పెళ్లిళ్లకి రాజమండ్రి దాకా వెళ్లింది గానీ గోదారి దాటి కోనసీమలోకి అడుగు పెట్టలేదు.

డిసెంబరు మొదటి వారంలో నాకు రెండు రోజులు సెలవు దొరికేలా ఉంది. అమ్మని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాలని ఉంది. నేనూ కాసేపు కూర్చోవాలి. మణికొండలో మా బాల్కనీ ముందు ఇంకో బాల్కనీ తప్ప ఏమీ కనబడదు. పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిస్తే మళ్లీ తలెత్తేది రాత్రి ఎనిమిదికే.

దిండి హౌస్‌బోటు, పాపికొండలు, అంతర్వేది, యానాం... ఇలా చూసినకొద్దీ చాలా కనిపిస్తున్నాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడివాళ్లు దయచేసి చెప్పండి.

---

లాంచీప్రయాణం | నవంబరు 18, రాత్రి 11:30

పాపికొండలే అంటాను. నేను మూడుసార్లు వెళ్లాను. గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కితే పేరంటపల్లి వరకు వెళ్లి సాయంత్రానికి వెనక్కొస్తుంది. రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి గోదారి సన్నబడే చోట బోటులో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. అది చూడాల్సిందే.

ఒక్క మాట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఎవరూ మర్చిపోకూడదు. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తోందని తీసి పక్కన పెట్టకండి. అమ్మగారికి మీరే దగ్గరుండి తొడగండి. వరద రోజుల్లో ఎవరు పిలిచినా ఎక్కొద్దు. డిసెంబరులో ఆ బాధ ఉండదు.

---

కొబ్బరినీళ్లు | నవంబరు 19, ఉదయం 7:15

పాపికొండలు బాగుంటాయి గానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి కష్టమండి. బోటు ఎక్కడానికీ దిగడానికీ ఇసుకలో నడవాలి, పేరంటపల్లిలో మెట్లు ఉంటాయి. రోజంతా బోటులోనే.

దిండి అయితే కారు దిగి నాలుగడుగులు వేస్తే నీళ్లే. వశిష్ఠ పాయ అక్కడ చాలా వెడల్పుగా, నిదానంగా ఉంటుంది. కుర్చీ వేసుకుని కూర్చుంటే పొద్దు ఎప్పుడు గూకిందో తెలియదు.

కాకపోతే నా అనుభవం ఒకటి చెప్తాను. రెండేళ్ల క్రితం నెట్‌లో ఫోటోలు చూసి ఒక ప్రైవేటు హౌస్‌బోటుకి డబ్బులు ముందే కట్టాం. తీరా వెళ్తే అది కాదు, ఇంకో బోటు చూపించారు. గదంతా డీజిల్ వాసన. రాత్రంతా మా అత్తగారు దగ్గుతూనే ఉన్నారు. అడిగితే "సీజన్ కదండీ" అన్నారు. పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు బోటు కళ్లారా చూసి గానీ డబ్బులివ్వకండి. గట్టు మీద గది తీసుకుని, సాయంత్రం ఒక గంట బోటు షికారు చేస్తే చాలు.

---

లెక్కలమాస్టారు | నవంబరు 19, ఉదయం 9:40

అమ్మాయీ, కొంచెం భూగోళం చెప్తాను, దారి ఎంచుకోవడానికి పనికొస్తుంది.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చిన గోదారి, ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోతుంది. పెద్దలు ఏడు పాయలంటారు. మనకి ఇప్పుడు కనిపించే పెద్దవి గౌతమి, వశిష్ఠ, వైనతేయ. గౌతమి యానాం మీదుగా వెళ్తుంది. వశిష్ఠ నర్సాపురం పక్కనుంచి వెళ్లి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాకే ఈ నేలకి కాలవలు వచ్చాయి, ఈ పచ్చదనం వచ్చింది. మా నాన్నగారు సంకల్పం చెప్పేటప్పుడు కాటన్ పేరు కూడా తలచుకునేవారు. మా ఇంట్లో అది ఆనవాయితీ.

మీ అమ్మగారిది సఖినేటిపల్లి అన్నారు కాబట్టి మీకు వశిష్ఠే దారి. రాజమండ్రి, యానాం ఇవన్నీ కలపకండి. రెండు రోజుల్లో కార్లో తిరగడమే సరిపోతుంది, నీళ్ల దగ్గర కూర్చోవడం ఉండదు.

---

పాలకొల్లు_కోడలు | నవంబరు 19, మధ్యాహ్నం 2:05

అన్నీ చదివాను. ఒక్కటి అడగనా? అమ్మగారిని అడిగారా, ఆవిడకి ఎక్కడికి వెళ్లాలని ఉందో?

తప్పుగా అనుకోకండి. మా అమ్మకి అరవై నిండినప్పుడు మేం అక్కాచెల్లెళ్లం ముగ్గురం కూర్చుని కేరళ టూరు వేశాం. అలెప్పీ, మున్నార్, అన్నీ. ఆవిడ మాట్లాడకుండా మా వెంట తిరిగింది. తిరిగొచ్చాక నెల్లాళ్లకి పక్కింటావిడతో అంటుంటే విన్నాను, "నాకు మా పుట్టింటి చెరువుగట్టు మీద ఒక్క పూట కూర్చోవాలని ఉండేది" అని. ఇప్పుడు ఆ చెరువు లేదు, పూడ్చేశారు.

---

బీచ్‌రోడ్_పొద్దున్న | నవంబరు 19, సాయంత్రం 6:20

పాలకొల్లు వదినగారు చెప్పింది నాకూ తగిలింది.

నేను ఉండేది విశాఖలో. రోజూ పొద్దున ఐదున్నరకి ఆర్కే బీచ్ దగ్గర నడుస్తాను. బయటి ఊళ్లవాళ్లు "మీకేమండీ, సముద్రం ఇంటిముందే" అంటారు. నిజానికి మొదటి పదేళ్లు నేను సముద్రాన్ని చూడలేదు. రోడ్డు మీద నడిచాను అంతే, చెవిలో ఫోను పెట్టుకుని. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి, తగ్గాక డాక్టరు రోజూ కాసేపు నడిపించమన్నారు. ఆయన పది అడుగులు వేసి ఆగేవారు. ఆగినప్పుడల్లా ఇద్దరం నీళ్లవైపు తిరిగి నిలబడేవాళ్లం. అప్పుడు చూశాను, వల లాగేవాళ్లు పాట పాడరని, ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ లాగుతారని. పడవ ఒడ్డుకొచ్చేముందు కెరటాల కోసం ఆగుతుందని. ఇప్పుడు నాన్నగారు బాగానే నడుస్తున్నారు, నేనే ఆగమంటున్నాను.

అంతర్వేది వెళ్తే మాత్రం ఒక జాగ్రత్త. నది సముద్రంలో కలిసేచోట స్నానానికి దిగొద్దు. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది. లోపల ఇసుక జరుగుతూ ఉంటుంది, నీళ్లు రెండు వైపుల నుంచీ లాగుతాయి. మా దగ్గర సముద్రంలో కూడా పోయేవాళ్లలో ఎక్కువమంది బయటినుంచి వచ్చిన కుర్రాళ్లే.

---

ఆదివారం_ఒక్కటే | నవంబరు 19, రాత్రి 11:10

పాలకొల్లు_కోడలు గారూ, మీ మాట చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. అడగలేదండి. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను.

ఇందాక అన్నం తినేటప్పుడు అడిగాను. "అమ్మా, కోనసీమ వెళ్దామా, ఎక్కడికి వెళ్లాలని ఉంది?" అని. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "పంటు ఇంకా ఉందా?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పదో తరగతి అయ్యాక ఇంటర్ రెండేళ్లూ నర్సాపురంలో చదివిందట, 1978 నుంచి 80 దాకా. రోజూ పొద్దున సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అటు, సాయంత్రం ఇటు. నాకు 34 ఏళ్లు. మా అమ్మ రెండేళ్లపాటు రోజూ గోదారి దాటి చదువుకుందని నాకు ఇవాళే తెలిసింది.

పంటు ఇంకా నడుస్తోందా? మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కగలరా?

---

ఏటిగట్టు | నవంబరు 20, ఉదయం 5:50

ఆయ్, పంటు ఉందండి. బాగా ఉంది. మాది రాజోలు పక్కన. నర్సాపురం వైపు మాధవాయిపాలెం రేవు, మా వైపు సఖినేటిపల్లి రేవు. చిన్న చిన్న బళ్లన్నీ అందులోనే దాటతాయి. చించినాడ వంతెన మీదుగా వెళ్లొచ్చు గానీ మాకది చుట్టు. ఇక్కడ వంతెన పడాలని మా చిన్నప్పట్నించీ వింటున్నాం. పడితే మంచిదే, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే పంటు ఉండదు కదా. కానీ పడ్డ రోజున పంటు ఆగిపోతుంది. చూడాలనుకున్నవాళ్లు ఈలోపే చూసుకోవాలి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. రెండు పడవల్ని పక్కపక్కన బిగించి పైన బల్ల పరిస్తే పంటు. ముందూ వెనకా తలుపులాంటి బల్ల ఉంటుంది, ఒడ్డుకి ఆనగానే దించుతారు. దాని మీద నుంచే మనుషులూ, మోటారు సైకిళ్లూ, ఆటోలూ. మెట్లు లేవు. అమ్మగారు హాయిగా ఎక్కేస్తారు. కాకపోతే బళ్లు అన్నీ దిగేదాకా ఆగి ఎక్కండి, ఆ తోపులాటలో పెద్దవాళ్లు పడిపోతారు.

పొద్దున మంచు బాగా పడితే కాసేపు ఆపుతారు. మధ్యాహ్నం పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నీళ్లు తగ్గితే ఇసుక మేటలు తగుల్తాయి. అదొక్కటి చూసుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే నర్సాపురంలో దిగొచ్చు. అక్కడితో పట్టాలు అయిపోతాయి.

---

రాజోలు_కువైట్ | నవంబరు 20, మధ్యాహ్నం 1:30

ఏటిగట్టు గారూ, మీరు రేవు పేర్లు రాస్తుంటే ఒళ్లు జలదరించింది.

నేను కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తాను. పదకొండేళ్లయింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు సెలవిస్తారు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్లం ఐదారుగురం సముద్రం ఒడ్డుకి వెళ్లి కూర్చుంటాం. శుభ్రంగా ఉంటుంది, లైట్లు, బెంచీలు, నడిచే బాట. నీళ్లు మాత్రం కదిలినట్టే ఉండవు. మనకి నీళ్లంటే ఎటో పోతూ ఉండాలి కదండీ.

ఆదివారం అక్కా, మీరు వెళ్తే నాకోసం ఒక పని చెయ్యండి. ఫోటోలు చాలా చూశాను, వద్దు. పంటు మోటారు చప్పుడు రికార్డు చేసి పెట్టండి. రెండు నిమిషాలు చాలు.

---

పాలకొల్లు_కోడలు | నవంబరు 20, మధ్యాహ్నం 3:45

ఆదివారం గారూ, అడిగినందుకు సంతోషం. తిండి సంగతులు నేను చెప్తాను.

డిసెంబరులో పులస దొరకదు. ఎవరైనా పులస అని వడ్డిస్తే నమ్మకండి. అది వరద రోజుల చేప, ఎర్రనీళ్లకి ఎదురీది సముద్రంలోంచి గోదారిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, గోదారి నీళ్లు తాగాకే పులస. మీరు వెళ్లే రోజుల్లో చందువా, రొయ్యలూ బాగుంటాయి. పనసపొట్టు కూర దొరికితే వదలకండి.

నర్సాపురంలో లేసు అల్లేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి అమ్మగారిని. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, ఊళ్లలో ఆడవాళ్ల చేతుల్లో నిలిచింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి క్రోషే సూది పట్టడం వచ్చు. మీ అమ్మగారికీ వచ్చేమో అడగండి.

గది మాత్రం కింది అంతస్తులోనే కావాలని గట్టిగా చెప్పండి.

---

సాగర్_లాంచీ | నవంబరు 21, రాత్రి 9:00

నాది గోదారి కాదు, కృష్ణ. అయినా ఆగలేక రాస్తున్నాను.

మా నాన్న నాగార్జునసాగర్ డ్యామ్ పనిలో కూలీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు కూడా అక్కడే ఉన్నానని చెప్పేవాడు. తట్టలతో రాళ్లు మోసి కట్టిన డ్యామ్ అది. నాగార్జునకొండకి లాంచీలో ఒక్కసారి తీసుకెళ్లాను, 2008లో. కింద మునిగిపోయిన లోయలోని కట్టడాల్ని పైకి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారు కదా. నాన్న మ్యూజియం లోపలికి రాలేదు. బయట చెట్టు కింద కూర్చుని, "ఇక్కడినుంచి చూస్తే మా గుడిసెలు ఎక్కడుండేవో తెలుస్తోంది" అన్నాడు. నాన్న చెయ్యి చాపినవైపు చూశాను, నీళ్లే. ఆ రోజు ఇంకా చాలా అడగాల్సింది. టైమైపోతోందని లాంచీ ఎక్కించేశాను.

అక్కడ అమ్మగారు ఎక్కడైనా ఆగితే, ఆగనివ్వండి.

---

ఆదివారం_ఒక్కటే | డిసెంబరు 8, రాత్రి 9:35

వెళ్లొచ్చామండి. అందరికీ పేరుపేరునా చెప్పాలి, అందుకే పెద్దగా రాస్తున్నాను.

శనివారం పొద్దున నర్సాపురంలో దిగాం. ముందు చేదు కబురు చెప్పేస్తాను. ఫోన్లో కింది గది ఇస్తామని రెండుసార్లు ఒప్పుకున్నవాళ్లు, వెళ్లాక రెండో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు లేదు. కింది గదులు పెళ్లివాళ్లకి ఇచ్చేశారట. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతూ ఎక్కింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడే గొడవ పెట్టుకునేదాన్ని, అమ్మే "పంటు టైమైపోతుంది, పద" అని చెయ్యి పట్టుకుని లాగింది.

మాధవాయిపాలెం రేవుకి వెళ్లేసరికి మంచు. అవతలి ఒడ్డు కనబడటం లేదు. మోటారు సైకిళ్ల మీద పాల క్యాన్లవాళ్లు, కొబ్బరి మొవ్వులు పెట్టుకున్న ఆవిడ, నాన్న ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడు. ఎవరూ విసుక్కోవడం లేదు. నేనొక్కదాన్నే పది నిమిషాలకోసారి టైమ్ చూస్తున్నాను. అప్పుడు మంచులోంచి చప్పుడు వచ్చింది, డగ్ డగ్ మని. ఇంకా ఏమీ కనబడలేదు. అమ్మ బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

ఏటిగట్టు గారు చెప్పినట్టే బళ్లన్నీ దిగాక ఎక్కాం. కూర్చోమని ఒకబ్బాయి చోటిచ్చాడు. అమ్మ కూర్చోలేదు. పంటు కుడివైపు అంచున ఇనప కడ్డీ పట్టుకుని నిలబడింది. పది నిమిషాలు నిలబడలేని మనిషి, అవతలి ఒడ్డు దాకా నిలబడే ఉంది. నేనేమీ అనలేదు. సాగర్_లాంచీ గారి మాట గుర్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది నాకు ఇంకా కళ్లముందే ఉంది. సఖినేటిపల్లి ఒడ్డు ఇంకో పాతిక అడుగులు ఉందనగా అమ్మ వంగి, రెండు చెప్పులూ తీసి ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేత్తో చీర కుచ్చిళ్లు కొంచెం పైకి ఎత్తింది. నాకు అర్థం కాలేదు. బల్ల దించారు. ఎదురుగా సిమెంటు వాలు. పొడిగా ఉంది. అమ్మ ఆ సిమెంటు వైపు చూసింది, చేతిలో చెప్పుల వైపు చూసింది. "అప్పుడు బురద ఉండేది" అంది. చెప్పులు వేసుకోలేదు. వట్టి కాళ్లతోనే పైదాకా నడిచింది.

రేవు దగ్గర టీ కొట్టులో కూర్చున్నాం. అక్కడ మొదలుపెట్టింది చెప్పడం. ఒకరోజు పంటు ఎక్కుతుంటే బోటనీ రికార్డు నీళ్లలో పడిపోయిందట. పంటు నడిపే సరంగు గెడతో దగ్గరికి లాగి తీసిచ్చాడట. "ఏడవకమ్మా" అని మోటారు మూత మీద పుటలు విప్పి ఆరబెట్టాడట. సాయంత్రం తిరిగి ఎక్కేటప్పటికి ఎండిపోయింది గానీ మందారపువ్వు బొమ్మ ఎర్రరంగు పక్క పుట మీదికి అంటుకుంది. లెక్చరరు అడిగితే జరిగింది చెప్పిందట. ఆయన ఆ మరక పక్కన టిక్కు పెట్టాడట. ఆ సరంగు పేరు అమ్మకి తెలియదు. రెండేళ్లు రోజూ చూసిన మనిషి, "బాబాయ్" అని పిలిచేదట అంతే.

ఊళ్లోకి వెళ్దామా, ఇల్లు చూద్దామా అని అడిగాను. వద్దంది. ఎందుకని అడగలేదు. ఏటిగట్టు మీద ఆటోలో కొంతదూరం వెళ్లాం. ఒకచోట ఆపమని, దిగకుండానే కొబ్బరిచెట్ల వైపు కాసేపు చూసి, పోనివ్వమంది.

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేటప్పుడు పంటు నడి గోదారిలో ఇసుకకి తగిలి ఆగిపోయింది. మోటారు ఆపేశారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో. సరంగు గెడ దించి లోతు చూసి, "పోటు ఎక్కాలి, ముప్పావు గంట" అన్నాడు. నా ఫోన్లో ఆఫీసువి మూడు మిస్డ్ కాల్స్. సోమవారం రిలీజ్, టెన్షన్ పడుతూనే తిరిగి చేశాను. "గోదారి మధ్యలో ఉన్నాను, నీళ్లు వచ్చేదాకా కదలం" అని చెప్పాను. అవతల అబ్బాయి, "సరే మేడమ్, మేం చూసుకుంటాం" అన్నాడు. ఇంత సులువా అనిపించింది. ఎన్నేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు నేను.

పక్కన కూర్చున్న ఆవిడ సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనగకాయలు తీసి అందరికీ పెట్టింది. అమ్మా ఆవిడా మాట్లాడుకుంటూ ఊళ్లు, ఇంటిపేర్లు కలుపుకున్నారు. ఎవరి పెదనాన్న ఎవరికి బావో నాకు అంతుచిక్కలేదు. నేను నీళ్ల అంచు చూస్తూ కూర్చున్నాను. ముందు ఒక గడ్డిపరక కిందికి, సముద్రం వైపు పోతోంది. కొంతసేపటికి ఎటూ పోకుండా తేలుతోంది. తర్వాత నెమ్మదిగా వెనక్కి, ఎగువకి రావడం మొదలుపెట్టింది. నది వెనక్కి నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. పంటు దానంతటదే కొంచెం ఊగింది. "లేచింది" అని పిల్లాడు అరిచాడు.

ఆదివారం మళ్లీ పంటు దాటి అంతర్వేది వెళ్లాం. దర్శనం తొందరగానే అయింది. అక్కడి రథం గురించి పూజారిగారిని అడిగింది అమ్మ. 2020లో పాత రథం కాలిపోయిందని టీవీలో చూసి ఆ రోజు అన్నం తినలేదు ఆవిడ. కొత్తది చూపిస్తే దూరంనుంచే దండం పెట్టుకుంది. అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇసుకలో ఎక్కువ నడవలేకపోయింది. నదినీళ్లూ సముద్రమూ కలిసే గీత దూరంనుంచే కనిపించింది, ఇటు బురదరంగు, అటు నీలం. నీళ్లలోకి దిగలేదు. బీచ్‌రోడ్ గారూ, మీరు చెప్పబట్టి అక్కడ దిగబోతున్న కాలేజీ కుర్రాళ్లకి కూడా చెప్పాను, విన్నారు.

పాలకొల్లు_కోడలు గారూ, అమ్మకి క్రోషే వచ్చు! నర్సాపురంలో ఒకావిడ అల్లుతుంటే పక్కన కూర్చుని రెండు వరసలు అల్లింది. ఇంతకాలం మా ఇంట్లో టీవీ మీద కప్పే గుడ్డ కొన్నదే అనుకున్నాను.

---

ఏటిగట్టు | డిసెంబరు 9, ఉదయం 6:05

చెప్పుల సంగతి చదివి మా ఆవిడకి వినిపించాను. మా అమ్మా అంతేనండి. ఆ రోజుల్లో పంటు ఒడ్డు దాకా వచ్చేది కాదు, నడుం వంచి బురదలోకి దిగాల్సిందే. చెప్పులు చేతిలో పట్టుకుని దిగడం రేవు అలవాటు. దూరంనుంచి చూస్తే ఎవరు ఈ ఊరివాళ్లో, ఎవరు బయటినుంచి వచ్చారో దాన్నిబట్టే చెప్పేసేవారు.

---

లెక్కలమాస్టారు | డిసెంబరు 9, ఉదయం 10:20

అమ్మాయీ, గడ్డిపరకని చూశావు చూడు, అది చాలా బాగా చూశావు. నువ్వు వెళ్లింది పౌర్ణమి వెళ్లిన రెండు రోజులకే. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఎత్తుకి వస్తుంది, పాటు బాగా లోతుకి పోతుంది. అందుకే మేట తగిలింది. వరద లేని రోజుల్లో సముద్రపు పోటు గోదారిలోకి నర్సాపురం దాటి ఎక్కుతుంది. ఒకసారి నిండి మళ్లీ నిండడానికి సుమారు పన్నెండున్నర గంటలు. రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పంటువాళ్లకి ఈ లెక్క గడియారం లేకుండానే తెలుసు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పాను గానీ ఒక్క క్లాసునీ ఒడ్డుకి తీసుకెళ్లి గడ్డిపరక చూపించలేదు. చూపించి ఉండాల్సింది.

2027లో పుష్కరాలు. ఆ రోజుల్లో ఈ రేవులన్నీ జనంతో నిండిపోతాయి. మళ్లీ వెళ్లాలనుకుంటే ఆలోపే వెళ్లండి.

---

సాగర్_లాంచీ | డిసెంబరు 9, రాత్రి 8:15

బోటనీ రికార్డు ఇప్పుడు ఎక్కడుందండి?

---

ఆదివారం_ఒక్కటే | డిసెంబరు 9, రాత్రి 10:40

అడిగాను. తుఫానులో పోయిందట, ఇంటి పెంకులతో పాటు.

రాజోలు_కువైట్ గారూ, మీరు అడిగింది మర్చిపోలేదు. ఆదివారం పొద్దున సఖినేటిపల్లి వైపు వెళ్తున్నప్పుడు తీశాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. మధ్యలో మా అమ్మ దగ్గు ఉంది, తీసేయలేదు. ఇక్కడ జతచేస్తున్నాను.

---

రాజోలు_కువైట్ | డిసెంబరు 12, సాయంత్రం 5:50

అక్కా, ఇవాళ శుక్రవారం. ఒడ్డుకి వచ్చాక విన్నాను. ఫోను మధ్యలో పెట్టి అందరం విన్నాం. మాతో ఉండే పెద్దావిడ కళ్లు మూసుకుని, మోటారు జోరు తగ్గగానే "వచ్చేశాం" అంది. చివర్లో ఎవరో "కట్టు, కట్టు" అని అరిచారు చూడండి, ఆ తర్వాత బల్ల నేలకి తగిలిన చప్పుడు. అది మా రేవే. మళ్లీ పెట్టమంటున్నారు, పెడుతున్నాను.